చెర్రీకి కలిసిన దేశాలు బత్తాయికీ కలవాలి: ఉద్యాన విశ్వవిద్యాలయానికి బహిరంగ లేఖ

శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ గారికి, కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తలకు, రాష్ట్ర ఉద్యాన శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో బత్తాయి సాగు చేసే రైతును. మిమ్మల్ని ఒక్క పని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. బత్తాయి వేరుమూలాల (బత్తాయి కన్నును అంటుకట్టడానికి వేరునిచ్చే అడుగు మొక్కల) మీద కనీసం పదేళ్లు సాగే ఒక అంతర్జాతీయ పరిశోధన మొదలుపెట్టండి. నిమ్మజాతి తోటల్లో మనకంటే ముందు దెబ్బలు తిని, వాటి నుంచి నేర్చుకున్న బ్రెజిల్, స్పెయిన్ లాంటి దేశాల శాస్త్రవేత్తలను అందులోకి పిలవండి. ఆ ప్రయోగం మొక్కలను మీ ఫారంలో నాటినట్టే మా చెలకల్లోనూ నాటండి.

వేరుమూలం మీదే ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తాను. వరి పోతే ఆరు నెలలకు మళ్లీ నారు పోసుకోవచ్చు. బత్తాయి మొక్క నాటితే నాలుగైదేళ్లు ఖర్చే తప్ప చేతికి రూపాయి రాదు. ఆ తర్వాతే అప్పుల నుంచి కాస్త తేరుకోవడం మొదలవుతుంది. మంచి తోట ఇరవై ఏళ్లు దాటి కాస్తుంది కాబట్టే ఇంత ఓపిక పడతాం. అలాంటి చెట్టుకు సరిగ్గా కాపు మీదున్న వయసులో వేరుకుళ్లు వస్తుంది. వచ్చే ముందు ఒక ఏడాది విరగ్గాస్తుంది. ఇంట్లో వాళ్లు సంతోషపడతారు. తర్వాత ఆకు పసుపు తిరిగి, పలచబడి, కాయలు కొమ్మలకు ఉండగానే చెట్టు ఎండిపోతుంది. తవ్వి చూస్తే వేళ్ల బెరడు చేతికి ఊడి వస్తుంది, చెడు వాసన కొడుతుంది. ఎకరానికి వంద పైచిలుకు చెట్లు ఉండే తోటలో అక్కడక్కడా ఖాళీలు మొదలై, ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. గుర్రంపోడు, పెద్దవూర, నిడమనూరు, నాంపల్లి, కనగల్ వైపు తోటలున్న వాళ్లను ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. ఎంతోమంది చెట్లు కొట్టేసి పత్తికో, నీళ్లున్న చోట వరికో మళ్లారు.

పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపి వేయమని, వేపపిండి వాడమని, మొదలుకు బోర్డో పేస్టు పూయమని, నీళ్లు కాండానికి తగలకుండా డబుల్ రింగ్ పద్ధతిలో పాదులు చేయమని మీరు నేర్పారు. అవి పనిచేస్తాయి, తెగులు ముదరకముందు చేస్తే. కానీ చెట్టును మనం ఎంత కనిపెట్టుకుని చూసుకున్నా, భూమిలో ఏ వేరుందన్నది నాటిన రోజే తేలిపోతుంది. మాకు నర్సరీల్లో దొరికే సాత్‌గుడి రకం బత్తాయి అంట్లలో ఎక్కువ భాగం రంగపూర్ నిమ్మ మీదో జంబేరి నిమ్మ మీదో కట్టినవే. చాలాసార్లు ఏది దేని మీద కట్టారో అమ్మేవాళ్లు కూడా గట్టిగా చెప్పలేరు. జంబేరి కంటే రంగపూర్ వేరుకుళ్లును బాగా తట్టుకుంటుందని మన పరిశోధన స్థానాలే చెప్పాయి, మేమూ అటే మొగ్గాం. అంతటితో ఆగిపోయాం. మూడో వేరు, నాలుగో వేరు మా నేలలో ఎలా ఉంటాయో చూపించిన తోట నల్లగొండ రైతుకు నడిచి వెళ్లి చూసేంత దగ్గరలో లేదు.

ఇక్కడ చెర్రీ సంగతి మీ ముందు పెడతాను. చెర్రీ మన దగ్గర పండే పండు కాదని నాకు తెలుసు. దానికి చలికాలంలో వందల గంటల చల్లదనం కావాలి. మన దేశంలో ఎక్కువగా కశ్మీర్, హిమాచల్ కొండల మీదే దాని సాగు. అయినా చెర్రీ రైతుల కోసం విదేశాలు ఎలా కలిశాయో చదివాక మనకూ అలాంటిది ఎందుకు లేదన్న బాధ కలిగింది.

తియ్య చెర్రీ చెట్టు తన మానాన తాను పెరిగితే చాలా ఎత్తు పోతుంది. నిచ్చెనలు వేసి కోయాలి. పక్షులు తినకుండా వల కప్పాలన్నా, వానకు పండు పగలకుండా పైన కవర్ వేయాలన్నా అందదు. జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో చెట్టును పొట్టిగా ఉంచి త్వరగా కాపుకు తెచ్చే వేరుమూలాలు తయారుచేశారు. వాటినే గిసెలా అంటారు. ఆ వేర్లను అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు ఎన్‌సీ-140 అనే ఉమ్మడి కార్యక్రమం కింద వేర్వేరు రాష్ట్రాల్లో నాటారు. అన్ని చోట్లా ఒకే పద్ధతి, ఒకే కొలతలు, ఏళ్ల తరబడి లెక్కలు. దాంతో బయటపడిన విషయం మనకు చాలా ముఖ్యం. ఒక నేలలో బంగారంలా ఉన్న వేరు ఇంకో నేలలో అలా ఉండదు. గిసెలా 5 సారం తక్కువున్న నేలలో మోయలేనంత కాయ కట్టి పండు చిన్నబడిపోతుంది. జర్మనీలో బాగుంది కదా అని అందరికీ అదే అంటగట్టి ఉంటే ఎంతమంది రైతులు మునిగేవారో ఆలోచించండి. అన్ని చోట్లా నాటి చూశారు కాబట్టి ఏ నేలకు ఏ వేరో చెప్పగలిగారు.

ఐరోపాలో 2012 నుంచి 2016 దాకా కాస్ట్ అనే సహకార పథకం కింద చెర్రీ సుస్థిర సాగు మీద అనేక దేశాల పరిశోధకులు ఒక్కటిగా పనిచేశారు. అందులో నాకు బాగా నచ్చింది డబ్బు ఖర్చుపెట్టిన తీరు. ఆ పథకం పెద్ద ప్రయోగశాలలు కట్టడానికి డబ్బివ్వదు. ఎవరి పరిశోధన వాళ్ల దేశం సొమ్ముతో చేసుకుంటారు. మనుషులు కలవడానికి, యువ శాస్త్రవేత్తలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లి కొన్నాళ్లు పనిచేయడానికి, అందరి లెక్కలు ఒకచోట చేరడానికి అది సాయం చేస్తుంది. నిధులు లేవు అన్న మాట మన దగ్గర తరచూ వినపడుతుంది కాబట్టి చెప్తున్నాను, ఇలాంటి కలయికకు కోట్ల భవనాలు అక్కర్లేదు.

అదే కాలంలో అక్కడ ఇంకో మంచి పని జరిగింది. ఐరోపాలోని ప్రయోగ తోటల్లో చెర్రీ ఏ ఏడు ఎప్పుడు పూసింది, ఎప్పుడు పండింది అని 1978 నుంచి 2015 వరకు రాసిపెట్టిన లెక్కలన్నీ కలిపి 2016లో అందరికీ అందుబాటులో పెట్టారు. వేడి పెరుగుతుంటే పూత ఎలా జరుగుతోందో వాళ్లు తేదీలతో సహా చూపగలరు. మా దగ్గర సీజన్ కాయ, కత్తెర కాయ అని రెండు కాపులుంటాయి. చెట్టును బెట్టకు వదిలి, మళ్లీ నీళ్లిచ్చి పూత రప్పించడం మా నాన్నల కాలం నుంచి వస్తున్న విద్య. చెర్రీకి చలి ఏం చేస్తుందో బత్తాయికి మేం పెట్టే బెట్ట ఇంచుమించు అదే చేస్తుంది. ఏ ఏడు ఎన్ని రోజులు బెట్ట పెట్టాం, ఏ వానకు పూత వచ్చింది, ఎంత పిందె రాలింది అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. పెద్దవాళ్ల నోట ఉంది. వాళ్లు పోతే అదీ పోతుంది. తోటకో పుస్తకం ఇచ్చి, నెలకోసారి మీ విద్యార్థి ఒకరు వచ్చి రాసుకుపోతే పదేళ్లలో మన దగ్గర ఎంత సంపద పోగవుతుందో చూడండి. స్పెయిన్‌లో నిమ్మజాతి తోటల మీద చేసిన ప్రయోగాల్లో పిందె రాలే దశ దాటాక వేసవిలో కొంతకాలం నీళ్లు తగ్గించినా దిగుబడి పెద్దగా పడలేదని తేలింది. బోరు ఎప్పుడు ఎత్తిపోతుందో తెలియక ఏప్రిల్, మే నెలల్లో టెన్షన్‌తో నిద్ర పట్టని మాకు అది ప్రాణం పోసే విషయం. మన వేడికి, మన రాతి నేలకు, మన కాపు కాలాలకు ఆ లెక్క ఎలా మారుతుందో ఎవరైనా కొలవాలి.

ఇప్పుడు బ్రెజిల్ గురించి. 1930ల చివర్లో అక్కడి సావో పాలో ప్రాంతంలో ట్రిస్టెజా అనే వైరస్ తెగులు వచ్చింది. అప్పట్లో తోటలన్నీ పుల్ల నారింజ వేరు మీద ఉండేవి, లక్షల చెట్లు చచ్చిపోయాయి. అప్పుడు వాళ్లను నిలబెట్టిన వేర్లలో ముఖ్యమైనది రంగపూర్ నిమ్మ. మన ఉపఖండం నుంచి వెళ్లిన నిమ్మే. కరువును తట్టుకుంటుంది, ట్రిస్టెజాను తట్టుకుంటుంది. వాళ్లు దాన్ని ఎంతగా నమ్ముకున్నారంటే తోటల్లో అత్యధిక భాగం దాని మీదే వచ్చాయి. 2000 ప్రాంతంలో మినాస్ జెరాయిస్, సావో పాలో సరిహద్దులో కొత్త తెగులు కనిపించింది. దానికి వాళ్లు పెట్టిన పేరుకు అర్థమే ఆకస్మిక మరణం. ముఖ్యంగా రంగపూర్ మీదున్న చెట్లనే పట్టుకుంది. బతికున్న చెట్ల పక్కన వేరే రకం వేరు మొక్కలు నాటి, వాటిని కాండానికి అతికించి చెట్లను కాపాడుకోవాల్సి వచ్చింది. మేమూ ఈరోజు అదే రంగపూర్ మీద నిలబడి ఉన్నాం. అలాంటి తెగులు మన దగ్గరికి వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఒకే వేరు మీద జిల్లా మొత్తం ఆధారపడటం ఎంత ప్రమాదమో అనుభవించి చెప్పగలవాళ్లు ఉన్నారు, వాళ్లతో మనం కూర్చుని మాట్లాడాలి.

అక్కడ ఫండెసిట్రస్ అని ఒక సంస్థ ఉంది. 1977లో రైతులు, జ్యూస్ ఫ్యాక్టరీల వాళ్లు కలిసి పెట్టుకున్నది. తెగుళ్ల మీద పరిశోధన, తోటల సర్వే, రైతులకు హెచ్చరికలు అన్నీ చేస్తుంది. రైతు సొమ్ము ఉన్న చోట రైతు మాటకు విలువ ఉంటుంది. మనకూ అలాంటిది ఒకరోజు రావాలని నా ఆశ. దాని సంగతి ఇంకో లేఖలో రాస్తాను.

నిమ్మజాతి చెట్లను క్షీణింపజేసే గ్రీనింగ్ తెగులు మాట చెప్పకుండా ఉండలేను. అమెరికాలోని ఫ్లోరిడాలో దాన్ని 2005లో గుర్తించారు. అంతకుముందు 2003-04లో అక్కడ 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2023-24కి అది 2 కోట్ల పెట్టెల లోపుకు పడిపోయింది. డబ్బు, యంత్రాలు, గొప్ప విశ్వవిద్యాలయాలు అన్నీ ఉన్న చోట ఇలా జరిగింది. ఆ తెగులును మోసుకొచ్చేది సిల్లా పురుగు. అది మన వైపు నుంచి పోయిందే, మన తోటల్లోనూ ఉంది. ఆ పురుగును తినే టమారిక్సియా అనే చిన్న కందిరీగ కూడా మన ఉపఖండంలోనే ఉంది. 1978లో మన దేశం నుంచి ఆ కందిరీగలను హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవికి తీసుకెళ్లి వదిలితే అక్కడ సిల్లా గణనీయంగా తగ్గిపోయింది. కాలిఫోర్నియా వాళ్లు పాకిస్తాన్ పంజాబ్‌లో వాటిని సేకరించి 2011 చివర్లో తమ దగ్గర వదలడం మొదలుపెట్టారు. చెర్రీ వాళ్లూ ఇదే దారిలో నడిచారు. ఆసియా నుంచి వచ్చి 2008లో ఐరోపాలో, కాలిఫోర్నియాలో బయటపడ్డ ఒక పండు ఈగ చెర్రీలను నాశనం చేస్తుంటే, దాని పుట్టింటికే వెళ్లి దాన్ని అదుపు చేసే కందిరీగను పట్టుకొచ్చి, ఏళ్లపాటు పరీక్షించి, 2021 నుంచి ఇటలీలో వదులుతున్నారు.

అందుకని మనం ఈ కలయికలోకి చేయి చాచి అడిగేవాళ్లుగా వెళ్లాల్సిన పని లేదు. వేరు మన వైపుది, కందిరీగ మన వైపుది, బెట్ట పెట్టి పూత రప్పించే విద్య మనది. మన నేల నుంచి ఏదైనా బయటికి పోతే దాని లెక్క రాసుండాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతులు, లాభంలో వాటా ఉన్నాయి. ఒప్పందం రాసేటప్పుడు ఆ పేజీ వదిలేయకండి. కొమ్మ ఇచ్చిన ఊరికి, చెట్టు చూపించిన రైతుకు కాగితం మీద చోటుండాలి.

అలాగే రావాల్సినవి సరైన దారిలో రావాలి. విదేశం వెళ్లొచ్చిన వాళ్లు సంచిలో అంటుకొమ్మలు వేసుకొచ్చి నాటిన కథలు అందరం విన్నాం. దాంతో పాటు ఏ వైరస్ దిగుతుందో ఎవరికీ తెలియదు. జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ కేంద్రం మన రాజేంద్రనగర్‌లోనే ఉంది, క్వారంటైన్ అక్కడ చేయించవచ్చు. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ నడుస్తోంది. ప్రపంచం నలుమూలల నుంచి గింజలు, మనుషులు వచ్చిపోయే పద్ధతులు మన రాష్ట్రానికి కొత్త కాదు. మెట్ట పంటలకు సాధ్యమైనది పండ్ల తోటలకు ఎందుకు కాదు?

విదేశాల్లో బాగుందన్న ప్రతి వేరూ మనకు పనికిరాదన్నది కూడా నాకు తెలుసు. ప్రపంచంలో చాలా పేరున్న మూడాకుల నారింజ వేరు, దాని సంకరాల్లో చాలావరకు సున్నం ఎక్కువున్న నేలలో ఆకు పచ్చదనం కోల్పోతాయి. మా చెలకల్లో పైన ఎర్రమట్టి ఉన్నా కొన్నిచోట్ల అడుగున సుద్ద తగులుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి ఈ రాష్ట్రంలో తెలియని వాళ్లు లేరు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో సున్నపు నేలను, ఉప్పు నీటిని తట్టుకునేలా ఫోర్నర్-అల్కైడ్ 5 అనే వేరును తయారుచేశారు. అది మా దగ్గర నిలుస్తుందో లేదో చెప్పాలంటే నాటి చూడాల్సిందే. పుస్తకం చూసి ఎవరూ చెప్పలేరు. 1957లో ట్రిస్టెజా స్పెయిన్‌లోనూ కనిపించింది. ఆ తర్వాత 1975 నుంచి చిగురు కొనను సూక్ష్మంగా అంటుకట్టి వైరస్ లేని తల్లి మొక్కలు తయారుచేసుకునే కార్యక్రమం పెట్టుకున్నారు. నర్సరీలకు అంటుకొమ్మ అక్కడి నుంచే వెళ్తుంది. మా జిల్లాకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే అని కూడా అనిపిస్తుంది. వేరు ఎంత మంచిదైనా పైన కట్టే కన్ను తెగులుతో ఉంటే ఏం లాభం?

ఇక ఒప్పందంలో మా మాటలు కొన్ని ఉండాలి. ప్రయోగం మొక్కలకు రైతు తన పొలంలో చోటిస్తే పదేళ్లు ఆ నేల ఆ పనికే కట్టుబడి ఉంటుంది. చెట్టు చచ్చిపోతే శాస్త్రవేత్తకు అదొక ఫలితం, రైతుకు అది పోయిన ఆదాయం. చచ్చిన చెట్టుకు, కాపు రాని ఏళ్లకు పరిహారం ఎంతో ముందే రాయండి. అది లేకపోతే పెద్ద కమతం ఉన్నవాళ్లే ముందుకొస్తారు. రెండు, మూడు ఎకరాల రైతు తోటలో ఏమవుతుందో ఎప్పటికీ తెలియదు. కొన్ని ప్లాట్లు కాలువ నీళ్లు అందే హాలియా వైపు, కొన్ని బోర్ల మీదే బతికే మునుగోడు, మర్రిగూడ వైపు ఉండాలి. ఒకేచోట పెడితే సగం జిల్లాకు జవాబు దొరకదు.

ఫలితాలు ఏటా తెలుగులో రావాలి. ఏ వేరు గెలిచిందో ఎంత వివరంగా రాస్తారో, ఏది ఓడిందో కూడా అంతే వివరంగా రాయాలి. మాకు ఓడిపోయిన వేరు పేరు తెలియడమే ఎక్కువ అవసరం, రేపు ఎవరో దాన్నే గొప్ప రకమని అమ్మడానికి వస్తారు కాబట్టి.

సుస్థిర సాగు అన్న మాట అన్ని ఒప్పందాల్లో ఉంటుంది. నేలను, నీటిని చూసినట్టే మనుషుల్ని కూడా అందులో చూడండి. మంగునల్లికి, సిల్లాకు మందు కొట్టే కూలీ మూతికి తువ్వాలు చుట్టుకుని పనిచేస్తున్నాడు. మందు కొట్టిన మర్నాడే ఆడవాళ్లు ఆ చెట్ల కింద కలుపు తీస్తున్నారు. మందుల సంఖ్య తగ్గించగలిగామా, వాళ్ల ఒంటికి ఏమవుతోంది అన్నది కూడా దిగుబడితో పాటు కొలవాల్సిన విషయమే. ఇది నేను మర్యాద కోసం కలిపిన వాక్యం కాదు. మా తోటలు నడుస్తున్నది వాళ్ల చేతుల మీదే.

పని ఎలా మొదలవ్వాలన్నది మీకు తెలిసినంత నాకు తెలియదు. అయినా ఒక రైతుగా నాకు తోచింది చెప్తాను. విదేశీ వేర్లు క్వారంటైన్ దాటి మన చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు ఆగకండి. రంగపూర్, జంబేరి, క్లియోపాత్ర లాంటి వేర్లు దేశంలో ఉన్నాయి. నాగపూర్‌లోని కేంద్రీయ నిమ్మజాతి పరిశోధన సంస్థకు, తిరుపతి పరిశోధన స్థానానికి ఈ పంట మీద ఏళ్ల అనుభవం ఉంది. వాళ్లతో కలిసి పరీక్ష చేసిన శుభ్రమైన సాత్‌గుడి కన్నును ఈ వేర్ల మీద కట్టి, వచ్చే వానాకాలానికే మొదటి ప్లాట్లు నాటవచ్చు. విదేశాల వాళ్లను మొదటి రోజు నుంచే కొలతల పద్ధతి ఖరారు చేయడానికి పిలిస్తే, మన లెక్కలూ వాళ్ల లెక్కలూ రేపు పక్కపక్కన పెట్టి చూసుకునేలా ఉంటాయి. మీ పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల్లో ఈ జిల్లా పిల్లలున్నారు. వాళ్లలో కొందరిని వాలెన్సియాకో, సావో పాలోకో కొన్ని నెలలు పంపించండి. తిరిగొచ్చి మా భాషలో మాకు చెప్పగలిగేది వాళ్లే. పాలమూరు వైపు కొల్లాపూర్ మామిడి రైతులకు కూడా రేపు ఇదే దారి పనికొస్తుంది.

చోటివ్వడానికి రైతులు కావాలంటే మా మండలంలో సిద్ధంగా ఉన్నాం. మట్టి, నీళ్ల పరీక్ష చేయించి ఏ చెలక పనికొస్తుందో మీరే ఎంచుకోండి. ఈ లేఖకు జవాబును కొండమల్లేపల్లి పరిశోధన స్థానంలో బత్తాయి రైతులందరినీ పిలిచి, కూర్చోబెట్టి చెప్పాలని కోరుతున్నాను. చేయగలిగేది ఎంత, చేయలేనిది ఎంత, ఎవరి అనుమతి కావాలి అన్నది అక్కడే మాట్లాడుకుందాం. కాయ కోతల పనిలో లేని రోజు చూసి పిలవండి, అందరం వస్తాం.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
పెద్దవూర మండలం, నల్లగొండ జిల్లా